శనివారం విలన్

మా పై అంతస్తు అంకుల్ నిద్రలోనే వెళ్లిపోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఆఫీసుకు చెప్పులు వేసుకుంటున్నదాన్ని, ఒకటి కాలికి, ఒకటి చేతిలో ఉండగానే మెట్లెక్కి పరిగెత్తాను. లిఫ్టు ఎక్కడానికి మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాస్తే అది దొంగ నివాళి అవుతుంది.

సింగపూర్‌లో, యూ టీ పేటలోని మా బ్లాకులో ఆయన సంగతి చాలామందికి తెలియదు. కూతురింట్లో ఉండే పెద్దాయన అనుకునేవారు, అంతే. ఒకప్పుడు తెలుగులో కౌబాయ్ సినిమాలు వచ్చేవి కదా, వాటిలో బందిపోటు వెనక గుర్రాల మీద కనబడే ముఠాలో ఈయన ఒకరు. హీరో తుపాకి పేలిస్తే మొదట రాలిపడేది ఈయనే.

"గుర్రం మీంచి పడటంలో నాకు పోటీ లేదమ్మా. నన్ను నోరు విప్పనిచ్చిన పాపాన మాత్రం ఎవడూ పోలేదు," అని పకపకా నవ్వేవారు.

షూటింగు విరామాల్లో తోటివాళ్ల డైలాగులు సరిచేస్తూ ఉండేవారట. అది గమనించిన దర్శకుడొకాయన, టీవీకి కౌబాయ్ సీరియల్ తీస్తూ ఈయన్నే రాయమన్నాడు. ఆ సీరియల్లో ముఠాలో చిట్టచివరివాడు కూడా ఒక్క మాటైనా అనకుండా చావడు. "ఊరికే చంపేస్తే వాడి పెళ్లాం వచ్చి నన్నడగదూ?" అనేవారు.

ఇక్కడికొచ్చాకా రాయడం మానలేదు. అయితే ఎదురుగా ఒక మనిషి కూర్చుని రెండో పాత్ర చదవందే ఆయనకు కలం కదలదు. ఆంటీకి ఓపిక లేదు, కూతురికి తీరిక లేదు, మనవరాలేమో "తాతా, టూ లాంగ్ లా!" అని పారిపోతుంది. చివరికి ఆ వేషం నా నెత్తిన పడింది. శనివారం సాయంత్రాలు బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఆయన హీరో, నేను బందిపోటు నాయకుడు.

"అలా గుక్క తిప్పుకోకుండా చదివేస్తే ఎలాగమ్మా విలనూ! నా మాట నువ్వు వినాలి. వినడమే నటన. మాట్లాడటానికేముంది, ఎవడైనా మాట్లాడతాడు."

ఒకసారి నేను గొంతు చించుకుని బెదిరిస్తుంటే, పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న చైనీస్ అంకుల్ లేచొచ్చి, "ఫైటింగ్ ఆ? ఓకే ఆర్ నాట్?" అన్నారు. మా అంకుల్ ఠక్కున బల్ల మీద వాలి చచ్చిపోయారు. పాపం ఆ చైనీస్ అంకుల్ హడలిపోయేసరికి ఈయన ఒక కన్ను తెరిచి, "సినిమా, సినిమా!" అన్నారు.

రెండు నెలలుగా నేను వెళ్లలేదు. ఆఫీసు పని ఉన్నమాట నిజమే గానీ, శనివారాలు కూడా మింగేసేంత పని కాదు. ఆ కథ ఏ టీవీలోనూ రాదని నాకు తెలుసు. రానిదానికి నా గొంతెందుకు పాడుచేసుకోవాలి అనిపించింది. ఇంతకన్నా మర్యాదైన కారణం వెతుక్కున్నా దొరకలేదు.

ఆ మంగళవారానికి ముందు శుక్రవారం లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల ఆయన, చంకలో కాగితాలతో. "ఏమ్మా విలనూ, ఆఖరి సీను..." అంటూండగానే నేను ఫోను చెవికి ఆనించాను. అవతల ఎవరూ లేరు. "ఆ, చెప్పండి, అవునవును, పంపిస్తాను, రేపటికల్లా అయిపోతుంది" అని కిందికి దిగేదాకా వాగుతూనే ఉన్నాను. ఆయన నా ఫోనుకు అడ్డురాకూడదని మూలకు జరిగి నిలబడ్డారు. అదే ఆయన్ని ఆఖరుసారి చూడటం.

దహనం అయిన మర్నాడు ఆంటీ పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

"పోయిన శుక్రవారం నీ గురించే చెప్పారమ్మా. 'పిల్ల లిఫ్టులో ఫోను సీను చేసిందే! బాగానే చేసింది గానీ, అవతలివాడు మాట్లాడ్డానికి ఖాళీ ఇవ్వలేదు. ఈసారి కూర్చున్నప్పుడు నేర్పాలి' అన్నారు."

ఆయన తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నా మీద కోపం కూడా తెచ్చుకోలేదు, మళ్లీ కూర్చుంటాననే నమ్మారు.

ఆంటీ ఆ కాగితాలు నాకే ఇచ్చారు. నిన్న శనివారం సాయంత్రం రాతి బల్ల దగ్గర కూర్చున్నాను. చైనీస్ అంకుల్ ఎదుటి ఖాళీ చోటును చూసి, ఏమీ అడగకుండా తన కాఫీ పట్టుకుని దూరపు బల్లకు వెళ్లిపోయారు. ఆఖరి సీనులో మొదటి డైలాగు విలన్‌దే.

"చెప్పరా, చచ్చేముందు నీ ఆఖరి మాటేంటి?" అని చదివాను.

తర్వాత నోరు మూసుకుని, ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగాను.