ఖాడీ వైపు జరిగిన సాంచాలు

ఆ పొద్దున షెడ్డులో ఉన్నవి: ఎనిమిది పవర్‌లూమ్ సాంచాలు, నాయిన కూర్చునే ఇనుప కుర్చీ, ఒక స్పిరిట్ లెవెల్, టేపు, సుద్దముక్క, నా నోట్‌బుక్. మనుషులం ఇద్దరమే, నాయిన, నేను. కరెంటు లేదు. మీటరు పీకేసి రెండు నెలలైంది.

దయ్యాల మాట వస్తే నేను లేచి వెళ్లిపోయే రకం. మెకానికల్ డిప్లొమా చదివాను. ఇది కొలిచాను కాబట్టే రాస్తున్నాను.

భివండీలో మా షెడ్డు ఖాడీ పక్కన ఉంది. సముద్రపు పాయను ఇక్కడ ఖాడీ అంటారు. నడిచే సాంచ ఊపుకి కాస్త జరుగుతుంది, అది మామూలే. ఆగిన సాంచ జరగదు. మావి జరిగాయి. కాళ్ల పక్కన పాత నూనె మరకలు బయటపడితే అనుమానం వచ్చి, చుట్టూ సుద్దతో గీశాను. నాయిన ఆ వారం జ్వరంతో ఇంట్లోనే ఉన్నాడు. తాళంచెవి నా జేబులోనే ఉంది. వారం తర్వాత చూస్తే ఎనిమిదీ రెండేసి అంగుళాలు జరిగాయి. అన్నీ ఖాడీ వైపే. నేల వాలుగా ఉందేమోనని లెవెల్ పెట్టాను. బుడగ నడిమధ్యలో నిలబడింది, వాలు లేదు.

పక్కింటి మరాఠీ కాకాకు చెబితే నవ్వలేదు. వాళ్ల తాతలు ఇక్కడే చెక్క ఓడలు కట్టేవారట. కట్టిన ఓడ నీళ్లలోకి జారాలని ఒడ్డునంతా వాలుగా చెక్కారట. తర్వాత ఖాడీ బురదతో పూడిపోయింది, ఓడలు ఆగిపోయాయి. ఆ వాలును రాళ్లతో నింపి చదును చేసింది సాంచాల కోసం వలస వచ్చిన మన తెలుగువాళ్లే.

"ఇక్కడ పని అయిపోయిందంటే నీళ్లలోకి పోవాల్సిందే" అన్నాడు కాకా.

నూలు ధర దిగితే మళ్లీ సాంచాలు తిప్పుదామని నాయిన ఆశ. పాత ఇనుము కొనే భంగార్‌వాణ్ణి మూడుసార్లు తిట్టి పంపాడు. ఆయనకు జ్వరం తగ్గగానే, ఆ పొద్దున షెడ్డుకు తీసుకొచ్చి గీతలు, అంకెలు, కాకా మాట, అన్నీ చెప్పాను. వింత చూపిస్తున్నాననే అనుకున్నాను.

"మనకు చెప్పకుంట యాడికి పోతున్నయ్ రా ఇవి?" అని ముందు నవ్వాడు. తర్వాత వంగి, ఒక్కో గీతను వేలితో తాకి చూశాడు.

"నాకంటే గివే నయం. పని అయిపోయిందని వీటికి ఎర్కయింది."

"ఏదో కారణం ఉంటది నాయినా. కనుక్కుంట."

"ఏం కనుక్కుంటవ్? పో, భంగార్‌వాణ్ణి పిలువు."

మరునాడు ఎనిమిదీ టెంపో ఎక్కాయి. ఆ తర్వాత కూడా నాయిన రోజూ వచ్చి ఖాళీ షెడ్డులో ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. నాలుగో వారం, ఒక మధ్యాహ్నం, కూర్చున్నచోటే పోయాడు. గుండె అన్నాడు డాక్టరు.

నేను అంకెలు చూపించకపోతే ఆయన అమ్మేవాడు కాదు. అంతవరకు నాకు తెలుసు. మిగతాది ఎన్నిసార్లు ఆలోచించినా అంతుపట్టలేదు.

దినాలయ్యాక కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దతో గీసి, షెడ్డుకు తాళం వేశాను. నిన్నటికి వారం. వెళ్లి కొలిచాను.

ఖాడీ వైపు, రెండు అంగుళాలు.