ఒళ్ళో రేకుల పెట్టె, ముందు బ్యారేజీ

నేను చదివింది ఐదో తరగతి వరకే, అది కూడా పూర్తిగా కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ తికమకే. ఇంతకుముందు ఒక ఉత్తరం కూడా రాయలేదు. అందుకని రాత బాగోకపోయినా, అక్షరాలు తప్పినా ఏమీ అనుకోవద్దని ముందే అడుగుతున్నాను. మా అత్తయ్యకి నేనెప్పుడూ నోటితో కృతజ్ఞత చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకి అలా చెప్పడం మాకు అలవాటు లేదు. కాగితం మీదైతే కొంచెం సిగ్గు తక్కువ.

మాది ఆత్రేయపురం పక్క ఊరు. ఇంట్లో పూతరేకుల పని. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి తీస్తే రేకు వస్తుంది. ఉల్లిపొరలా ఉంటుంది. నేనూ అత్తయ్యా రేకులు తీస్తే, మా ఆయన మోపెడ్ మీద రాజమండ్రిలో ఒక స్వీటు షాపుకి వేసేవారు. ఆ షాపువాళ్ళు నెయ్యీ బెల్లం పెట్టి అప్పటికప్పుడు చుట్టి అమ్ముతారు. అందుకే వాళ్ళకి ఉత్త రేకులే కావాలి.

మూడేళ్ళ కిందట వరదల రోజుల్లో మా ఆయన కాలవగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. సిమెంటు కట్టు వేశారు. రెండు రోజులు సరుకు వెళ్ళలేదు. మూడో రోజు షాపాయన ఫోన్ చేశారు.

"చూడండమ్మా, శ్రావణమాసం, పెళ్ళిళ్ళ రోజులు. రేపు పదింటికల్లా రేకులు రాకపోతే నేను వేరేవాళ్ళకి చెప్పేసుకుంటాను. ఒకసారి చెప్పాక మళ్ళీ మార్చను."

మాకున్నది ఆ ఒక్క షాపే. అది పోతే రేకులు తీసి ఎవరికి ఇవ్వాలి?

బస్సులో తీసుకెళ్తే జనం మధ్య పొడి అయిపోతాయి. ఆటోలన్నీ వరద చూడ్డానికి వచ్చేవాళ్ళతో నిండిపోయాయి. మోపెడ్ నడపడం నాకు వచ్చు గానీ, ఊళ్ళోనే. ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎప్పుడూ నడపలేదు. బస్సులో వెళ్ళినా, బ్యారేజీ వచ్చిందంటే కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.

మా ఆయన మంచం మీద నుంచి జాగ్రత్తలు చెప్పారు. "బ్యారేజీ రోడ్డు జాయింట్ల దగ్గర బండి ఎగురుతుంది, స్పీడు పెడితే రేకులు విరుగుతాయి. గేట్ల దగ్గర ఆగితే తుంపరకి మెత్తబడతాయి. ఈ రెండూ చూసుకుంటే చాలు. పెద్ద కష్టమేం కాదు."

"ఆయ్, మీకేం! పడుకుని ఎన్నైనా చెప్తారు" అన్నాను.

రేకులు సర్దిన పెట్టె సీటుకి కట్టాలో, కాళ్ళ దగ్గర పెట్టుకోవాలో నాకు తోచలేదు. అత్తయ్య పెట్టెని ఒకసారి ఎత్తి చూసి, "సీటుకి కడితే జాయింటుకో పది పోతాయే. నేను వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటాను" అన్నారు.

"వద్దండి అత్తయ్యా, పడేస్తానేమో."

"పడేస్తే ఇద్దరం పడతాం. ముందు బండి తియ్యి."

పొద్దున్నే బయలుదేరాం. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కాం. మొదట చిన్న ముక్క వస్తుంది, తర్వాత నది మధ్య లంక, ఆ తర్వాత ధవళేశ్వరం వైపు పెద్దది. చిన్నది ఎలా దాటానో నాకే తెలీదు. జాయింటు వచ్చినప్పుడల్లా వెనక నుంచి అత్తయ్య పెట్టెకి చెవి ఆనించి చెప్పేవారు. "రెండు పోయాయి." ఇంకో జాయింటు. "ఒకటి." ఇంకోటి. "ఇప్పుడు ఏం పోలేదు, ఇలాగే పోనీ."

పెద్దది ఎక్కాక ఎర్రనీళ్ళు చూశాను. ఎడమవైపు సముద్రంలా నిండిపోయి ఉన్నాయి. గేట్లన్నీ ఎత్తేశారు. కుడివైపు ఆ నీళ్ళే కిందకి దూకుతూ చేస్తున్న హోరుకి బండి చప్పుడు నాకే వినపడలేదు. సగం దూరం వచ్చాక, నీళ్ళు కాకుండా నా కింద రోడ్డే పక్కకి జరిగిపోతున్నట్టు అనిపించింది. బ్రేకు వేసి, రెండు కాళ్ళూ కింద పెట్టేశాను.

వెనక ఆటో ఆగింది. "ఏంటమ్మా, సెల్ఫీ దిగుతున్నారా?" అని అరిచాడు ఆటో అతను.

"నీకేం తొందర నాయనా? గోదారేమన్నా పారిపోతుందా?" అని అత్తయ్య వెనక్కి తిరిగి అరిచారు. అతను పక్కనుంచి వెళ్ళిపోయాడు. అప్పుడు నన్నడిగారు, "ఎందుకాగావే?"

"బ్యారేజీ నడుస్తున్నట్టుందండి అత్తయ్యా."

"అది నడిస్తే పేపర్లో వెయ్యరూ?"

నాకు నవ్వు రాలేదు. గాలికి తుంపర మా మీదకి కొడుతోంది. అక్కడ ఆగిన ప్రతి నిమిషం రేకులకి చేటే. అదీ తెలుసు, అయినా చెయ్యి ఆక్సిలరేటర్ తిప్పనంటోంది. దిగి తోసుకుంటూ వెళ్దామా అంటే, అంతసేపట్లో పెట్టెలోవన్నీ ముద్దయిపోతాయి. అత్తయ్య పమిట విప్పి పెట్టె మీద కప్పి, దాని మీదకి వంగిపోయారు. ఆవిడ మాట నా నడుము దగ్గర నుంచి వినపడింది.

"రేకు తీసేటప్పుడు ఎటు చూస్తావే, మంట వైపా, కుండ వైపా?"

"కుండ వైపండి."

"కుండంతా చూస్తావా?"

"లేదండి. గుడ్డ పడే చోటు."

"మరి కొత్తలో మంట చూసే కదే వేళ్ళు కాల్చుకున్నావు! ఇక్కడా అంతే. ఆ నీళ్ళు నీకెందుకు? గుడ్డ పడేంత రోడ్డు చూడు, చాలు. అది దాటాక ఇంకో గుడ్డంత."

నేను కోడలిగా వచ్చిన కొత్తలో, పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని నేర్పించినప్పటి గొంతే అది. చూపు చక్రం ముందుకి దించాను. బండి కదిలింది. ఒక గుడ్డంత రోడ్డు, తర్వాత ఇంకో గుడ్డంత. జాయింటు వస్తే నెమ్మది చేశాను, దాటగానే కొంచెం వేగం పెంచాను. అత్తయ్య మాత్రం లెక్క చెప్పడం మానేశారు. హోరు వెనకబడిందని తెలిసేసరికి ధవళేశ్వరం వచ్చేసింది.

షాపులో పెట్టె విప్పాం. పది ఇంకా కాలేదు. షాపాయన పైవరస తీసి, "ఏంటండీ, ఇవి మెత్తబడ్డాయి?" అన్నారు. నేను అత్తయ్య వైపు చూశాను.

అత్తయ్య మాత్రం తడుముకోలేదు. "మెత్తబడితే మంచిదే కదండీ! చుట్టేటప్పుడు మీవాళ్ళు ఎలాగూ తడిగుడ్డతో తడుపుతారు. ఆ పని గోదారి చేసి పెట్టింది."

ఆయన పకపకా నవ్వేశారు. పైవి పక్కన పెట్టి, కిందవి వేలితో తట్టి చూశారు. కరకరలాడుతున్నాయి. "బాగున్నాయి. రేపట్నుంచి ఎవరు తెస్తారు మరి?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అన్నారు, "మా కోడలండి. ఇక ఎప్పుడూ తనే."

బయట టీ తాగుతుంటే చూశాను. ఆవిడ ముంజేతుల మీద పెట్టె అంచు ఎర్రగా అచ్చు పడి ఉంది.

"మీకు భయం వెయ్యలేదా అత్తయ్యా?"

"ఎందుకెయ్యలేదూ? నువ్వాగినప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరం ఏడిస్తే బండెవరు నడుపుతారే?"

తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టె లేదు. ఆవిడ నా నడుము పట్టుకుని కూర్చున్నారు. బ్యారేజీ మధ్యకి వచ్చాక, "కొంచెం నెమ్మదిగా పోనీవే. ఇందాక వంగి కూర్చున్నాను, ఏమీ చూడలేదు" అన్నారు. నెమ్మది చేశాను. ఆవిడ కోసం నేను కూడా తల తిప్పాను. ఎర్రనీళ్ళు తెల్లగా విరుగుతూ ఎక్కడికో పోతున్నాయి. భయం పోలేదు గానీ, దానితో పాటు ఇంకేదో వచ్చింది. ఒళ్ళు పులకరించింది. గట్టిగా కేక వెయ్యాలనిపించింది. నాకంటే ముందే అత్తయ్య, "ఎంత నీరే అమ్మాయ్!" అని వెనక నుంచి అరిచారు.

మా ఆయన కాలు బాగైంది. అయినా షాపుకి ఇప్పటికీ నేనే వెళ్తున్నాను. ఆయన కుండ దగ్గర కూర్చుని రేకులు తీస్తున్నారు, అత్తయ్య చేత తిట్లు తింటూ. ఆ రోజు ఆవిడ వెనక కూర్చోకపోతే మా ఇంట్లో పని ఆగిపోయేది. నాకు గోదావరి అవతలి ఒడ్డు ఎప్పటికీ బస్సులో కళ్ళు మూసుకుని వెళ్ళే చోటుగానే ఉండిపోయేది. ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

రాసింది ఆవిడకి చదివి వినిపించాను. "గోదారి గురించి రాస్తానని చెప్పి నా గురించి రాశావేంటే?" అని కసిరారు గానీ, మళ్ళీ ఒకసారి చదవమన్నారు. చదివిన మీరు కూడా, నా అక్షరాల్లో కనపడిన తప్పుల్ని పెద్ద మనసుతో క్షమించండి.