ఇరవై నిమిషాలు

పంకజాక్షి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. అది వెండి ద్రావణం మరక. తిరుపతిలోని ఒక పరిశోధనశాలలో ముసలి ఎలుకల మెదళ్లను ఉల్లిపొర కంటే పలచగా కోసి, వయసు మీరేకొద్దీ కణాలు ఎలా కుంచించుకుపోతాయో కనబడేలా ఆ ద్రావణంలో ముంచి తీయడం పదహారేళ్లుగా ఆమె పని. ఆమె గడియారం చూడదు. కాళహస్తిలో కలంకారీ గుడ్డలకు రంగులు వేసే నాయన దగ్గర అబ్బిన కన్ను ఆమెది. ముక్క డికాక్షన్ రంగుకు తిరగ్గానే పైకి తీసేస్తుంది. ప్రొఫెసర్ గిరిప్రసాద్ ఈ పద్ధతి మీద రాసిన పరిశోధన వ్యాసంలో ఆమె పేరు వేయలేదు సరికదా, ఆమెను అడగకుండానే ‘ఇరవై నిమిషాలు ముంచాలి’ అని రాసేశాడు. “ఎండాకాలం అంతసేపు పెడితే మాడిపోతాది సార్” అని ఆమె చెప్పబోతే, విద్యార్థుల ముందే, “నీ పని స్లైడ్లు కడగడం. అది సూసుకో” అన్నాడు.

ఆ మాటను ఆమె మూడేళ్లు మనసులో నానబెట్టుకుంది. ఈ మే నెలలో ఆ పద్ధతిని కళ్లారా చూడాలని బయటినుంచి ముగ్గురు నిపుణులు వచ్చారు. పంకజాక్షి వ్యాసాన్ని బల్ల మీద తెరిచి, పక్కన గడియారం పెట్టుకుంది. తొమ్మిదో నిమిషానికే డికాక్షన్ రంగు వచ్చేసింది. అలవాటు కొద్దీ లేచిన చేతిని కొంగులో చుట్టి పట్టుకుని, ఇరవై నిండేదాకా కదలకుండా నిలబడింది. మైక్రోస్కోపులో చూసిన నిపుణుడికి ఒక్క కణమూ కనబడలేదు. అంతా బొగ్గు. “ఏం చేసినావు నువ్వు?” గిరిప్రసాద్ ఆమె వైపు తిరిగి అరిచాడు. “మీరు రాసిండేదే చేసినాను సార్” అంటూ ఆమె పేజీలోని ఆ వాక్యం మీద నల్లగోరు ఆనించింది. తర్వాత తొందరేమీ లేకుండా స్లైడ్లన్నీ ట్రేలో పేర్చుకుని, అందరూ వినేలా అడిగింది.

“ఇంక కడిగేదా సార్?”