పేరెత్తకుండా చేసిన ప్రార్థన

ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ కరుణమ్మగారితో పోయిన వారం నేనొక మాట చెప్పుకున్నాను. రంగూను మీద బాంబులు పడినప్పటినుంచి మా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆయన తిరిగి రావాలని ప్రార్థించడం ఇక నావల్ల కావడం లేదని, పెదవులు మాత్రం కదుపుతున్నానని ఏడ్చాను. "ఈ మాట నా దగ్గరే ఉంటుందమ్మా" అని ఆవిడ నా తల నిమిరారు.

ఇవాళ మధ్యాహ్నం మా ఇంట్లోనే స్త్రీల కూడిక. చాపల మీద అందరం మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాక ఆవిడ గొంతెత్తారు. "తండ్రీ, రంగూను వెళ్ళిన భర్త మీద ఆశ వదిలేసి, నీ సన్నిధిలో ఉత్తుత్తినే పెదవులు కదుపుతున్న ఒక కుమార్తెను క్షమించు!"

మా పేట మొత్తం మీద మొగుడు రంగూను వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. అందరూ ఆమేన్ అన్నారు. నా పక్కనే మోకరించిన అత్తగారి గొంతు మాత్రం వినపడలేదు.

గుమ్మం దగ్గర కరుణమ్మగారిని ఆపాను. "ఇలా చేసేరేంటండీ?"

"నీ పేరెక్కడ ఎత్తేనమ్మా? నీ కోసమే కదా ప్రార్థన చేసేను" అంటూ చెప్పులు వేసుకున్నారు.

అత్తగారు అన్నం ముట్టలేదు. కొడుకు ట్రంకుపెట్టె పక్కన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను వంటింట్లో మోకాళ్ళూనాను. చాలా నెలల తరవాత పెదవులు కాదు, నేనే మాట్లాడాను. కానీ దేవుడికి చెప్పుకున్నదంతా కరుణమ్మగారి మీద ఫిర్యాదే. మా ఆయన పేరు ఒక్కసారీ రాలేదు. దీన్ని ప్రార్థన అనొచ్చో లేదో మీరే చెప్పండి. ఆవిణ్ణి మాత్రం అడక్కండి, వచ్చే కూడికలో వినిపిస్తారు.