వీరభద్రం ఎర్ర కారు

అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల ఇంజనీరుగా పనిచేసే వీరభద్రానికి ఆఫీసులో అన్నీ కొత్త కార్లు, ఇంటి గరాజ్‌లో మాత్రం తనకన్నా వయసులో పెద్దదైన ఎర్ర స్పోర్ట్స్ కారు. ఆదివారం దాన్నో చుట్టు తిప్పి తెచ్చి, పెనం వేడి చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెడతాడు. దసరా వెళ్లినప్పటి నుంచి, చలిగాలి కొడుతున్నా సరే, కాస్త దూరం పోగానే ఇంజిన్ మరిగిపోతోంది. ఆ వేడి కొంతైనా లాగుతుందని హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి, చెమటలు కక్కుతూ నడిపాడు. ఏ జబ్బైనా లోపలే ఉంటుందని అతని నమ్మకం. థర్మోస్టాట్ మార్చాడు, వాటర్ పంపు మార్చాడు. ఇక ఇంజిన్ విప్పడమే మిగిలిందనుకునేసరికి ముద్ద దిగలేదు.

"అంత టెన్షన్ ఎందుకండీ, సేల్‌కి పెట్టేయండి" అంది భార్య త్రివేణి.

"ఒక్కసారి రేడియేటర్ చెక్ చేసి చూస్తా."

కారు ముందున్న జాలీ విప్పి టార్చి వేశాడు. రేడియేటర్‌కి అప్పడంలా అతుక్కుపోయి, పండగ పూజకి త్రివేణి కారు ముందు కట్టిన బంతిపూల దండ! దారిలో పడిపోయిందనుకున్నది లోపలికి జారి, గాలికి అడ్డం కూర్చుంది. మొత్తం పీకేసి ఊరంతా తిప్పుకొచ్చాడు. టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే నిలబడింది. గరాజ్ నేలమీదే చతికిలబడి, ఒక్కడే నవ్వుకున్నాడు.

"ఏమైందట?" అంది త్రివేణి.

"ఏం లేదు, గాలి ఆడలేదంతే."

మరుసటి దసరాకి ఆమె దండ తెచ్చింది. వీరభద్రం అందుకుని, వెనక బంపర్‌కి రెండు ముళ్లేసి కట్టాడు.