మహారాజు గారు కూల్చిన మేడ

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు నాటకం ఆడాలంటే ముందుగా ఆకాశాన్ని అడగాల్సి వచ్చేది. మాకు హాలు లేదు. మిడిల్ పాయింట్ దగ్గర ఖాళీ జాగాలో వెదురు గెడలు పాతి, జెట్టీలో సరుకుల మీద కప్పే టార్పాలిన్ ఒకటి బతిమాలి తెచ్చి కట్టేవాళ్లం. ఒక నాటకంలో దాహంతో అలమటించి చనిపోయే ముసలివాడి నోట్లో సరిగ్గా ఆఖరి మాట దగ్గర టార్పాలిన్ చిల్లులోంచి నీళ్లు పడ్డాయి. ఆయన గుటక వేసి మరీ చనిపోయాడు. నేను కాకినాడ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. అన్నీ ఉన్నాయి గానీ అనుమానం అనేది మాత్రం లేదు. ఏది అడిగినా నాకు తెలుసనే అనేవాణ్ణి. (ఇప్పుడు గ్యాస్ ఆపానో లేదో చూసుకోవడానికి వీధి చివర నుంచి వెనక్కి వస్తాను. మా ఆవిడ దాన్ని వాకింగ్ అంటుంది.)

మా ఆఫీసు హెడ్ గుమస్తాని అందరూ బడాబాబు గారు అనేవారు. ఆయన పగలంతా ఫైళ్ల మీద "పరిశీలించి తెలుపగలరు" అని రాసి, సాయంత్రాలు ఇంట్లో ఒక విషాద నాటకం రాసేవారు. న్యాయం కోసం కన్నకొడుక్కే మరణశిక్ష వేసే మహారాజు కథ అది. దాన్ని ఏనాటికైనా ఒక గట్టి కప్పు కింద, చెవులకు వాన చప్పుడు లేకుండా ఆడించాలని ఆయన కోరిక. ఆ ఏడు దారి దొరికింది. ప్రభుత్వ స్థలాలు కేటాయించే, అనుమతి లేని కట్టడాలు కూలగొట్టించే పెద్ద అధికారి ముఖ్య అతిథిగా రావడానికి ఒప్పుకున్నాడు. ఆయనకు మన నాటకం నచ్చితే హాలుకి జాగా, నచ్చకపోతే మళ్లీ టార్పాలిన్. చిక్కల్లా ఆయనది ఉత్తరాది, తెలుగు ముక్క రాదు. "వేషం లేనివాడివి నువ్వొక్కడివే, పక్కన కూర్చుని హిందీలో చెప్పవయ్యా. ఆయన మొహంలో విసుగు కనబడిందా, నీ మొహం నాకు కనబడకూడదు" అన్నారు బడాబాబు గారు. నా హిందీ అప్పటికి కూరగాయలు కొనే స్థాయి దాటలేదు. తెలుసండీ అన్నాను.

మహారాజు వేషం సుర్మాయి భయ్యాది. చేపల్లో సుర్మాయి, అంటే మన వంజరం, మహా ఇష్టమైన పడవ యజమాని కొడుకు కాబట్టి ఆ పేరు. నడిసముద్రంలో ఒక పడవ మీంచి ఇంకో పడవకి కేకేసి మాట్లాడే గొంతు అతనిది. కరెంటు పోయినా మైకు అక్కర్లేదు. కానీ పుట్టింది ఇక్కడే, చదివింది హిందీ బడిలో. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవలేడు. ఎవరో చదువుతుంటే తన పాఠం మొత్తం హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. మనకు ఎ, ఏ అని రెండున్నాయి కదా, హిందీ రాతలో ఆ రెంటికీ ఒకటే గుర్తు. పొట్టివన్నీ పొడుగైపోతాయి. రిహార్సల్స్‌లో ఇది బయటపడలేదు, ఎందుకంటే వేట ముగించుకుని వచ్చి, "గొంతు దాచుకుంతన్నాను బాబూ" అంటూ పెదవులు మాత్రమే కదిపేవాడు. ఆ పెదవుల్ని చూసే బడాబాబు గారు కళ్లు తుడుచుకునేవారు.

ఆ సాయంత్రం వాన పడుతూనే ఉంది. అతిథి ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన నేను. మొదటి రంగం బాగానే నడిచింది. రెండో రంగంలో రాకుమారుణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు. రాకుమారుడు మా అకౌంట్స్ సెక్షను సోడాబుడ్డి గారు, వేషం కోసం కళ్లజోడు తీసేశారు. మహారాజు లేచి, కత్తి దూసి, పడవల గొంతుతో గర్జించాడు: "ధర్మం ముందు కొడుకైనా ఒకటే! భటులారా! వీడి మేడ నరకండి!"

మెడ అనాలి. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతిథి నా వైపు వంగి, "మేడా మత్‌లబ్?" అని అడిగాడు. సరిగ్గా ఆ మాటే ఎందుకు పట్టుకున్నాడో దేవుడికే తెలియాలి. మేడ అంటే ఏమిటో నాకు తెలుసు కదా, చెప్పాను. "మకాన్, సర్. దో మంజిల్ కా." రెండంతస్తుల ఇల్లు.

"ఎవరి ఇల్లు?" అన్నాడు హిందీలో.

"బేటే కా, సర్."

"సొంత కొడుకు ఇల్లే కూల్చేస్తున్నాడా! వాహ్!" ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ జరగడం చూసి తెర పక్కన ఉన్న బడాబాబు గారు నాకు శభాష్ అన్నట్టు చెయ్యి ఊపారు. ఇక నేనెలా ఆగుతాను? (నేను అబద్ధమాడలేదని ఇప్పటికీ నా వాదన. వేదిక మీంచి వచ్చిన మాటనే కదా చెప్పాను.) లంబాలైన్ నుంచి వచ్చిన టీచరు గారు మహారాణి. ఆవిడ మహారాజు కాళ్ల మీద పడి ఏడుస్తుంటే, కోడలు గృహప్రవేశం కూడా చేసుకోలేదని బాధపడుతోంది సర్, అన్నాను. అంతలో రాకుమారుడు శిరసు పెట్టాల్సిన దుంగ ఎక్కడుందో కళ్లజోడు లేక కనబడక, నేలంతా తడుముకోవడం మొదలెట్టాడు.

"ఏం వెతుకుతున్నాడు?"

"తాళంచెవి, సర్. ఇల్లు అప్పగించడానికి."

"షరీఫ్ ఆద్మీ హై," అన్నాడాయన గద్గదంగా. పెద్దమనిషి అని. కత్తి పడింది, రాకుమారుడు ఒరిగాడు. సద్మా సర్, ఇల్లు పోయిన దిగులు అన్నాను. అతిథి జేబురుమాలు తీశాడు.

తర్వాత ఆయన వేదికెక్కి మాట్లాడాడు. హిందీ కాబట్టి అందరికీ అర్థమైంది, అదే ప్రమాదం. "అనుమతి లేని కట్టడం కన్నకొడుకుదైనా వదలకూడదని ఈ నాటకం చాటింది. తెలుగువాళ్లు ముందుకొచ్చి ఇలాంటి సందేశం ఇవ్వడం నాకు గర్వంగా ఉంది" అన్నాడు. సభ చల్లబడిపోయింది. డైరీ ఫార్మ్ పేట నుంచి వచ్చినవాళ్లలో సగం మందికి పెరట్లో ఒకటో రెండో అదనపు గదులున్నాయి. "ఎవడ్రా ఈ సమాచారం ఇచ్చింది?" అని ఒక పెద్దమ్మ గట్టిగానే అడిగింది.

బడాబాబు గారు నా మోచెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాగారు. "ఇల్లేమిటయ్యా? నా నాటకంలో ఇల్లెక్కడిది?"

"మీ మహారాజు గారు కట్టించారండి."

సుర్మాయి భయ్యా కిరీటం చంకలో పెట్టుకుని అమాయకంగా అన్నాడు: "ఇంటికాడ మేవు పీక అంటాం గదండీ. మారాజులు మేడ అంటారేమో అనుకున్నాను."

ఈలోగా వేదిక మీద పిలుపు వచ్చింది. రచయిత ఎవరు? ఈ గొప్ప ఆలోచన మీకెలా వచ్చింది? బడాబాబు గారు మైకు ముందు నిలబడ్డారు. ఒక్క మాటతో కథ సరిచేయవచ్చు. అది మరణశిక్ష అనీ, తండ్రి గుండె పగిలే ఘట్టమనీ చెప్పవచ్చు. అన్ని సాయంత్రాలు దాని కోసమే కదా కూర్చున్నది. ఆయన నోరు తెరిచారు. టార్పాలిన్ మీంచి ఒక ధార ఆయన బట్టతల మీద పడి, ముక్కు వెంట జారి, మైకులో చుర్రుమంది. ఆయన చేతులు జోడించారు. "సబ్ ఆప్ హీ కీ ప్రేరణా హై, హుజూర్," అన్నారు. అంతా తమరి ప్రేరణే. జాగా ఇస్తానని అక్కడికక్కడే ప్రకటన వచ్చింది. దాంతో పాటు ఒక షరతు కూడా: ఈ నాటకాన్ని పేట పేటకీ తీసుకెళ్లి ఆడాలి.

మరుసటి రిహార్సల్‌కి సుర్మాయి భయ్యా సిగ్గుపడుతూ వచ్చాడు. "మెడ, మెడ అని దారంతా అనుకుంటా వచ్చినానండి. ఇక తప్పు రాదు."

బడాబాబు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "వద్దు నాయనా. మేడ అనే అను. హాలు కట్టేదాకా."

ఆడాం. ఒకచోట టీ ఇవ్వలేదు, ఇంకోచోట మహారాజుని చూసి ఒకాయన మిద్దె మీది రేకులు దించేశాడు. నేను తాళంచెవి ముచ్చట ప్రతిచోటా మెరుగుపరుస్తూ పోయాను. చివరికి హాలు లేచింది, రేకుల కప్పుతో. ప్రారంభం నాడు బడాబాబు గారి నాటకం ఆయన రాసింది రాసినట్టు, మెడతోనే ఆడాం. బయట వాన, లోపల అందరూ పొడిగా ఉన్నారు. రాకుమారుడు చనిపోయాడు, రాణి ఏడ్చింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. బయటికి వెళుతూ ఒకాయన నాతో, "బాగుంది గానీ భయ్యా, ఇల్లు కూల్చేది తీసేశారేంటి? అదే కదా అసలు!" అన్నాడు. బడాబాబు గారు విని, "అదే అసలు" అని నెమ్మదిగా తల ఊపారు. రేకుల మీద వాన మోత వింటూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు. సంతోషమో కాదో నేను అడగలేదు.

ఇప్పుడు నన్ను ఎవరైనా ఒక మాటకి అర్థం అడిగితే, నిఘంటువు చూసి రేపు చెబుతానంటాను. మంచి అలవాటేనని అందరూ అంటారు. కానీ అప్పుడు ఆ కుర్చీలో ఇప్పటి నేను కూర్చుని ఉంటే, "ఒక్క నిమిషం సర్, అది మేడ కాదు, మెడ" అని ఓపికగా సవరించి ఉండేవాణ్ణి. ఆయన తల ఊపి, ఆవులించి, ఇంటికి వెళ్లి ఉండేవాడు. మేమంతా ఇప్పటికీ అక్కడే తడుస్తూ ఉండేవాళ్లం, శుద్ధమైన తెలుగులో.