అత్త తినేసిన బ్రెడ్డు

కోవిల్‌పట్టి అనే తమిళ ఊళ్లో నేను వెళ్లే బొమ్మల క్లాసులో ఈ రోజు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి బొగ్గుతో గీయాలి. కూర్చునేవాళ్లు దొరకలేదంటే మా చిన్నత్తను తీసుకెళ్లాను. బొగ్గు గీత తప్పితే బ్రెడ్డు ముక్కతో అద్ది తుడుస్తాం. నేను గీసేదానికన్నా తుడిచేదే ఎక్కువ. ఇంతవరకు ఒక్క బొమ్మా పూర్తి చేయలేదు. ఈసారీ కాకపోతే మానేద్దామనుకునే వెళ్లాను.

ముఖం సగమయ్యాక అందరం టీకి లేచాం. తిరిగొచ్చి చూస్తే ముక్కు మరీ పొడుగైంది. తుడుద్దామంటే క్లాసంతటికీ పెట్టిన బ్రెడ్డు పళ్లెం ఖాళీ.

"అత్తా, అది తుడిచే బ్రెడ్డు!"

"తినే రొట్టిని బొగ్గుకు రుద్దుతారా ఎవురన్నా? సుమ్మా, ఊరికే పడుండె, తింటిని. నువ్వు సరిగ్గా గీస్తే తుడిచే పనేముండాది పిల్లా?"

తెలుగు అర్థమైనవాళ్లంతా నవ్వారు. వేరే దారి లేక ఆ ముక్కు చుట్టూనే మిగతా ముఖం గీసుకుంటూ పోయాను. మొదటిసారి బొమ్మ పూర్తయింది.

అత్త దాన్ని చాలాసేపు చూసింది. "ఇది నేను కాదే. మా అమ్మ ముక్కు అచ్చం ఇట్లే ఉండె," అని, చీరకు మసి అంటుతుందన్నా వినకుండా చుట్టి చంకలో పెట్టుకుంది.

బస్సులో ఇంటిదాకా అత్త మాటే తిరగేసుకున్నాను. అది మెచ్చుకోలా, పోలిక తప్పిందనడమా? మీరైతే ఏమనుకుంటారు?